పరీక్షలేఖ ఎవరికి పంపవలెను?

ఈనాడు మా పొరపాటునే మీకు పాఠముగా చెప్పదలచితిమి.

గత సంవత్సరము మన పాఠశాలకొక వెబ్‌సైటు సిద్ధము చేయదలచి, ఇంటిలోని పాత కంప్యూటరునే సర్వరుగా అమర్చుకొంటిమి. బడి ప్రకటనలు తల్లిదండ్రులకు తెలుగులో ఈమెయిలు ద్వారా అందవలెనని మా కోరిక. గడ్‌చాందూరు సిమెంటు కర్మాగారములకు వేకువనే పనికి పోవు తండ్రికిని, మరాఠీ చదువనేరని తల్లికిని బడి మాట తమ భాషలో చేరవలెను గదా!

ఒక రాత్రి "రేపు బడికి సెలవు" అని నమూనాగా వ్రాసి, తల్లిదండ్రుల నిజమైన చిరునామాలకే పరీక్షగా పంపితిమి. పెక్కు లేఖలు తిరిగివచ్చినవి, కొన్ని చేరినవి. చేరినవానిలో సగము తెలుగక్షరములకు బదులు ప్రశ్నార్థకములే. చక్కగా చేరిన లేఖను ఫోనులో చూచిన ఒక తల్లి, బిడ్డను ఒంటరిగా విడువజాలక, మరునాటి కూలి మానుకొనెను. ఆమెను క్షమాపణ వేడితిమి. పోయిన దినము మాత్రము తిరిగి రాలేదు.

లేఖలేల తిరిగివచ్చినవి? దొంగ ప్రకటనలు పంపువారు ఇండ్లలోని కంప్యూటర్లను రహస్యముగా వాడుకొందురు. అందుచే పెక్కు ఇంటర్నెట్ సంస్థలు ఇంటి కనెక్షనులపై 25వ పోర్టును మూసివేయును. పెద్ద ఈమెయిలు సంస్థలు ఇంటి ఐపీ చిరునామాలను నమ్మవు. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, యాహూ సంస్థలు పంపువారికి ఎస్‌పీఎఫ్ లేక డీకేఐఎమ్ అను ధ్రువీకరణ ఉండవలెనని నియమించినవి. కావున అసలు లేఖలను గుర్తింపు గల ఈమెయిలు సేవ ద్వారా పంపుటయే మేలు.

అక్షరములేల చెడినవి? 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ నియమములు ఆంగ్లాక్షరములకు సరిపోవు ఏడు బిట్ల సంకేతమునే ఎరుగును. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. లేఖలో ఆ పద్ధతిని పేర్కొనవలెను. విషయపంక్తిని వేరుగా సంకేతీకరింపవలెను. ఈ రెండును మేము మరచితిమి.

మరి పరీక్ష ఎట్లు? మెయిల్‌పిట్ వంటి ఉచిత సాధనమును మన కంప్యూటరులోనే నడుపవలెను. అది 1025వ పోర్టులో ప్రతి లేఖను పట్టి నిలుపును, బయటికి పోనీయదు. బ్రౌజరులో 8025వ పోర్టున లేఖను తెరచి, అక్షరమక్షరము సరిచూచుకొనవచ్చును. చిరునామాలకు "ఎగ్జాంపుల్ డాట్ కామ్" వంటి పేర్లనే వాడవలెను. 1999లో అవి ఇట్టి ఉదాహరణలకే ప్రత్యేకింపబడినవి. నమూనాలో "ఇది పరీక్ష" అని మొదటనే వ్రాయవలెను.

1971లో రే టామ్లిన్‌సన్ రెండు యంత్రముల నడుమ తొలి నెట్‌వర్కు ఈమెయిలును పరీక్షించినపుడు, లేఖను తనకే పంపుకొనెను. మేమును అట్లే చేయవలసినది.

విద్యార్థులారా! మీరు రేపు మాకంటె గొప్ప సర్వర్లను నడిపెదరు. చిరునామాల పట్టికను ముట్టుకొనుటకు ముందు, కూలి మానుకొన్న ఆ తల్లిని ఒక్కసారి తలచుకొనుడు. శుభమస్తు.