చిన్న రాజ్యము - రక్షకభటవ్యవస్థ



నేను ఉపాధ్యాయుడనై యుండిన కాలమున నాకొక చిక్కు తరచుగా కలుగుచుండెడిది. మా బడి మా యూరిలోనిదే. పరీక్షాపత్రములు దిద్దునప్పుడు వానిలో నా మేనల్లుని పత్రమును ఉండెడిది. మార్కులు హెచ్చుగా వేసినచో ఊరివారు పక్షపాతమందురు. తగ్గించినచో ఇంటిలో కలహము. తుదకు ఆ పత్రములను పొరుగూరి ఉపాధ్యాయునకు పంపి, ఆయన పత్రములను నేను దిద్దునట్లు ఒడంబడిక చేసికొంటిమి. ఈ ఉపాయమునే యొక రాజ్యము తన శాంతిభద్రతల విషయమున అవలంబించినదని చదివి మిగుల సంతసించితిని. ఆ రాజ్యమును గూర్చియే నేడు మనవి చేసెదను.

యూరపుఖండమున స్విట్జర్లాండునకును ఆస్ట్రియాకును నడుమ, రైను నదికి తూర్పుగట్టున, లీఖ్టెన్‌స్టైన్ అను స్వతంత్ర రాజ్యము కలదు. దానికొక రాజును, ప్రజలెన్నుకొనిన శాసనసభయు కలరు. వైశాల్యము 160 చదరపు కిలోమీటర్లు, జనసంఖ్య సుమారు 40,000, గ్రామములు 11. మన మండలములలో అనేకములు దీనికంటె పెద్దవి.

ఈ రాజ్యమునకు సైన్యము లేదు. జర్మను రాజ్యకూటమి 1866లో విచ్ఛిన్నము కాగా, సైన్యమును పోషింపవలసిన విధి తీరిపోయినది. వ్యయమునకు వెరచి 1868లో దానిని తీసివైచిరి. నేటి రక్షకభటవర్గము 1932-33 ప్రాంతమున ఏర్పడినది. అందు భటులును అధికారులును కలసి సుమారు నూరుమంది. బాటలపై బండ్ల రాకపోకలు చక్కబెట్టుట మొదలు హత్యానేరముల విచారణవరకు భారమంతయు ఆ దళముదే. ప్రధానస్థానము రాజధానియగు వాడుజు.

ఇంత చిన్నదేశమునకు నూరుమంది చాలుదురా యని మీరడుగవచ్చును. అంతకంటె కఠినమైన ప్రశ్న వేరొకటి కలదు. అందరును అందరిని ఎరిగినచోట, దొంగయు వానిని పట్టవలసినవాడును బావమరదులైనచో న్యాయము నిలుచు టెట్లు? గ్రామపెద్దలైన మీకు ఈ కష్టమును నేను వర్ణింపనక్కరలేదు.

దీనికి వారు కనుగొనిన మార్గము పొరుగువారి సాయము. క్రొత్తగా చేరిన భటులు స్విట్జర్లాండులోని పోలీసు పాఠశాలలో శిక్షణ పొందుదురు. న్యాయస్థానములలో స్వదేశీయులతోపాటు ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశములనుండి వచ్చిన న్యాయాధిపతులును కూర్చుందురు. వారికి ఆ యూర మేనల్లుడు లేడు గదా! 1923లో కుదిరిన సుంకపు ఒడంబడికవలన, స్విట్జర్లాండు వైపున సుంకపు ఠాణాలే లేవు. ఆస్ట్రియా వైపున సుంకపు కావలి స్విస్సువారిదే. 1999లో మూడు దేశములును పోలీసు సహకారమునకై వేరొక సంధి చేసికొనినవి. వాడుజులోని చెరసాల మిక్కిలి చిన్నది. కావున దీర్ఘశిక్ష పడినవారిని, సంధి ననుసరించి, ఆస్ట్రియా చెరసాలలకు పంపుదురు. ఇందొక కష్టమును కలదు: ఖైదీ తల్లి కొడుకును చూడగోరినచో ఎల్ల దాటి పోవలసినదే.

ఈ పొరుగుతనమెట్టిదో తెలుపు వృత్తాంత మొకటి. 2007 మార్చిలో స్విస్సు సైనికులు సుమారు 170 మంది, రాత్రివేళ దారితప్పి, ఈ దేశములోనికి నడచిపోయిరి. పొరపాటు తెలిసి మరలిపోయిరి. ఆ సంగతిని స్విస్సువారు చెప్పువరకు ఇచటివారు ఎరుగనే ఎరుగరు. కలహమేమియు పుట్టలేదు.

పరుల కావలిలో నున్నవారికి స్వాతంత్ర్యమెక్కడిదని కొందరు ఆక్షేపింపవచ్చును. సాయము వేరు, పెత్తనము వేరు. శాసనమును చేయునది వారి సభయే. అర్ధరాత్రమున తలుపు తట్టు భటుడు వారి ప్రభుత్వమునకు జవాబుదారి. పొరుగువారు చేయు ప్రతి పనికిని వ్రాతమూలకమైన సంధియు, హద్దును కలవు. హద్దులేని సాయమే దాస్యమగును.

మహాశయులారా! తగవు తీర్చునప్పుడు వాది గాని ప్రతివాది గాని మన చుట్టమైనచో, పీట దిగి పొరుగూరి పెద్దను పిలుచుట అవమానము కాదు. తనవలన కానిదానిని ఒప్పుకొనుటయు పెద్దరికమే. ఒక చిన్న రాజ్యము ఆ మాటను సంధిపత్రములపై వ్రాసికొని గౌరవముగా బ్రదుకుచున్నది.