చెవి కారుతుంటే ఊరుకోవద్దు

సోలాపూర్‌లో తాతల నాటి నుంచీ మగ్గమే మన బతుకు. వినబడకపోతే సాంచల చప్పుడు అని సరిపెట్టుకుంటాం. చప్పుడుతో పోయిన వినికిడి ఆపరేషన్‌తో రాదు, దానికి చెవి మిషనే. చెవి కారడం వేరు. మేమూ ఏళ్ల తరబడి నూనె పోసుకుని, దూది పెట్టుకుని తిరిగాం. కర్ణభేరికి చిల్లుంటే చెవిపైన కండ మీది పల్చటి పొర తీసి అతుకు వేస్తారు. లోపల ఎముక పుచ్చితే చెవి వెనక కోసి శుభ్రం చేస్తారు. మాకు అతుకు వేశాక చీము ఆగింది, వినికిడి కొంతే వచ్చింది. ముందే పోవాల్సింది. కంపు కొట్టే చీము, తల తిరుగుడు, మూతి వంకర కనబడితే ఒక్కరోజూ ఆగొద్దు. ఆ పుచ్చు మెదడు దాకా పోవచ్చు. పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతాం కదా, చెవికీ అంతే.