సౌందర్యము, సంతానము, స్వాతంత్ర్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



పల్లెటూరిలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. హనుమకొండలో 1904వ సంవత్సరమున రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండియు ఓరుగల్లు సీమలో పుస్తకమును నమ్ముకొన్నవారు తరతరములుగా నున్నారు. మన హసన్‌పర్తి గ్రంథాలయము ఆ వరుసలో ఒక చిన్న దీపము. ఇట్టి శుభసమయమున నేనీ విషయమును కోరి తీసికొంటిని. ఏలన, మన గ్రంథాలయమునకు చేరిన స్త్రీవాద గ్రంథములను బీరువాలో పెట్టి తాళము వేయవలెనా, లేక అందరి చేతికి అందు అరలో నుంచవలెనా అను చర్చ మన సభ్యులలో నడుచుచున్నది. ఆ గ్రంథములలో అందమును గూర్చియు, గర్భమును గూర్చియు వ్రాసిన వ్రాతలే పెద్దలకు కంటగింపుగా నున్నవి. కావున వానిలో నేమున్నదో ముందు తెలిసికొందము.

నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రి భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. పండితుని వలెగాక లెక్కలవాని వలెనే మాటలాడుదును. పహాణీలో ప్రతి సర్వే నంబరునకు ఎదుట పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని వేరువేరు గడులుండెడివి. ఎండలో వంగి నాటు వేయునది ఒకరు, పట్టా మరొకరిది కావచ్చును. స్త్రీవాదుల వాదమంతయు ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నదని నాకు తోచినది. స్త్రీ శరీరమునకు పట్టాదారు ఎవరు? దానిని మోయునది, నొప్పులు పడునది ఆమె. ఎట్లుండవలెనో, ఎందరిని కనవలెనో నిర్ణయించునది మాత్రము వేరొకరు. ఈ గడిని సరిదిద్దుడనియే వారి అర్జీ.

మొదట సౌందర్యము సంగతి. మనకు పాలంపేట రామప్ప గుడి ఎంతో దూరము కాదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి చూరు క్రింద నల్లరాతి మదనికలు నిలిచియున్నారు. వారి నడుము సన్నన, మెడలో హారములు, మొగమున చెదరని నవ్వు. శిల్పి చేతి నైపుణ్యమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని ఆ రాతి సుందరికి ఆకలి లేదు, అలసట లేదు, వయసు మీరుట లేదు. రక్తమాంసములు గల ఆడుది ఆ రాతితో పోటీ పడవలెనన్నచోటనే చిక్కు వచ్చినది. మన ప్రబంధములును అంతియే. నాయికను కొనగోటినుండి కొప్పు వరకు వర్ణింతురు. ఆమెకు తన శరీరము ఎట్లు తోచుచున్నదో అడుగరు. అడుగకయే చెప్పిన స్త్రీ ఒకతె గలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునందలి ముద్దుపళని రాధికాసాంత్వనము వ్రాసినది. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని 1910లో పరిష్కరించి ప్రకటింపగా దొరతనమువారు అశ్లీలమని నిషేధించిరి. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. పురుషులు వ్రాసిన శృంగారము శాస్త్రమైనది, స్త్రీ వ్రాసినది నేరమైనది. పుస్తకమునకు తాళము వేయుట మనకు క్రొత్త కాదని చెప్పుటకే ఈ కథ.

ఇది పాత ముచ్చట అనుకొనవలదు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగినవి. నూరు దేశములకు పైగా యువతులు వచ్చిరి. మే 14వ తేదీన వారిలో కొందరు వేయిస్తంభముల గుడిని, ఓరుగల్లు కోటను, మరికొందరు రామప్పను దర్శించిరి. రామప్ప వద్ద మన ప్రాంతపు ఆడుపడుచులు ఆ సుందరుల పాదములపై నీళ్లు పోయుట, తుడుచుట పత్రికలకెక్కి పెద్ద దుమారము లేచినది. అతిథి మర్యాద యని కొందరు సమర్థించిరి. గుడికి పోవు ముందు కాళ్లు కడుగుకొనుట మన ఆచారమే. ఒకరి కాళ్లు మరొకరిచేత తుడిపించుట వేరు మాట. ఆ దృశ్యములో రెండు వరుసల స్త్రీలున్నారు: అందగత్తెలని ఎన్నికైనవారు, ఆ ఎన్నికలో ఏనాడును నిలువలేనివారు. కొలతబద్ద చేతబట్టిన వ్యాపారి మాత్రము ఆ చిత్రమున కానరాడు. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనము పేరునుండి తెలుపు మాటను 2020లో తీసివేసిరి. పేరు మారినది, పెండ్లిచూపులలో చామనచాయ పిల్లకు కట్నము పెంచి అడుగు నోరు మారలేదు.

తెలుగున స్త్రీవాదులు దీనిపై గట్టిగా వ్రాసిరి. జయప్రభ చూపులను గూర్చి, పైటను గూర్చి కవితలు వ్రాసినప్పుడు లోకము గగ్గోలు పెట్టినది. ఓల్గా తన రాజకీయ కథలలో స్త్రీ శరీరమును, అలంకారములను కథావస్తువులుగా గైకొని, సొగసుగా కనిపించు వానిలో ఎంత అదుపు దాగియున్నదో చూపినది. వీరు అందమునకు శత్రువులని కొందరందురు. అది తప్పు. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూలు పేర్చి, క్రొత్త చీర కట్టి ఆడువారు చప్పట్లు కొట్టుచు తిరుగునప్పుడు అచ్చట అందము లేదా? ఉన్నది. కాని మార్కులు వేయువాడు లేడు. ముదుసలియు, పసిపిల్లయు, నల్లనిదియు, తెల్లనిదియు ఒకే వలయములో నడతురు. తన సంతోషమునకై చేసికొన్న అలంకారము వేరు, తిరస్కారమునకు జడిసి చేసికొన్న అలంకారము వేరు. స్త్రీవాదులు కాదన్నది రెండవదానినే.

ఇక సంతానము. మన కావ్యశాస్త్రములలో అష్టాదశ వర్ణనలు గలవు. అందు కుమారోదయము ఒకటి. కుమారికోదయమునకు చోటు లేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున స్త్రీ క్షేత్రమనియు, పురుషుడు బీజమనియు చెప్పబడినది. లెక్కలు వ్రాయు నాకు ఈ ఉపమానము చప్పున అర్థమైనది. క్షేత్రమన్న పిమ్మట దానికి యజమాని యుండవలె గదా! పొలమును ఏమి విత్తుదమని ఎవరడుగుదురు?

అయినను వ్యాసభగవానుడు సత్యమును దాచినవాడు కాడు. ఆదిపర్వమును స్త్రీల కన్నులతో చదువుడు. వంశము నిలుపుటకై సత్యవతి తన కోడండ్రను వ్యాసుని కడకు పంపినది. అంబిక భయముతో కన్నులు మూసికొన్నది, అంబాలిక పాలిపోయినది. బిడ్డలు గ్రుడ్డివాడును, పాండురోగియు నగుటకు తల్లులే కారణమైరట! రెండవమారు పొమ్మన్నప్పుడు అంబిక తన దాసిని పంపినది. నోట కాదనలేని రాణి చేతలతో కాదన్నది. దాసికి మాత్రము కాదను అవకాశమైనను కలదో లేదో ఎవరును వ్రాయలేదు. గాంధారి, కుంతికి కొడుకు పుట్టెనని విని తన కడుపును తానే బాదుకొన్నది. పోటీపడి కనవలెనన్న ఒత్తిడి ఎంతటిదో చూడుడు. అర్జునుని తరువాత మరియొక బిడ్డను కనుమని పాండురాజు కోరగా, కుంతి ధర్మము చెప్పి నిరాకరించినది. ఇక చాలునని తల్లి చెప్పగా భర్త వినిన ఘట్టము మన ఇతిహాసములోనే యున్నది. కావున ఈ భావము పడమటినుండి దిగుమతి యైనదని ఎవరైనను అన్నచో, వారు భారతమును సరిగా చదువలేదని నా మనవి.

నేటి చట్టమును గూర్చి రెండు మాటలు. శాంతిలాల్ షా సంఘము సిఫారసులపై 1971లో మన పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి చట్టమును చేసినది. వయసు వచ్చిన, మతి స్థిమితముగల స్త్రీకి ఆమె అంగీకారమొక్కటే చాలును. భర్త సంతకము చట్టము కోరలేదు. ఈ సంగతి ఎరిగినవారు మన ఊళ్లలో బహు స్వల్పము. 2021 సవరణతో ఇరువది వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము, కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువదినాలుగు వారముల వరకు ఇద్దరి అభిప్రాయము చాలునని ఏర్పాటైనది. వివాహిత, అవివాహిత అను భేదము చూపరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇన్ని జరిగినను కోరిక స్త్రీదైనచో అనుమతి వైద్యునిదే. అర్జీ ఇంకను పూర్తిగా మంజూరు కాలేదు.

పాటిబండ్ల రజని అబార్షన్ స్టేట్‌మెంట్ అను కవిత వ్రాసినప్పుడు, ఆ మాట కవిత్వమున చేరవచ్చునా అని ఆక్షేపణలు వచ్చినవి. నా చిన్న బుద్ధికి తోచినదేమనగా, కురుక్షేత్రమున తెగిన తలలను వర్ణింపవచ్చునుగాని కాన్పుగదిలో స్త్రీ పడు బాధను వర్ణింపరాదన్న నియమము ఏ లాక్షణికుడును చేయలేదు. ఆమె కవితలవంటివి 1993లో వెలువడిన నీలిమేఘాలు సంకలనమున గలవు.

స్వాతంత్ర్యమనగా గర్భము వలదనుట మాత్రమే కాదు. కావలెననుటయు స్వాతంత్ర్యమే, తెలిసికొని ఒప్పుకొనుటయు స్వాతంత్ర్యమే. 1985 ప్రాంతమున పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రమున నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును పేద స్త్రీలపై పరీక్షింప బూనినప్పుడు, దాని గుణదోషములు వారికి తెలుపలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు తోటి సంఘములతో కలిసి 1986లో సుప్రీంకోర్టునకెక్కిరి. ఆ సంవత్సరమే వారు ప్రకటించిన మనకు తెలియని మన చరిత్ర యందు, తెలంగాణ సాయుధ పోరాటములో పసిబిడ్డలను విడిచిపెట్టవలసివచ్చిన తల్లుల వేదన యున్నది. ఆడుదాని కడుపును గూర్చి కుటుంబమే కాదు, ప్రభుత్వమును, ఉద్యమమును కూడ తమ లెక్కలు తాము వేసికొన్నవి.

లెక్కల మాట వచ్చినది గనుక కొన్ని అంకెలు వినుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. భర్తకు ఆ చికిత్స జరిగిన దంపతులు నూటికి ఒక్కరు కూడ లేరు. పురుషునికి ఆ చికిత్స సులభమని వైద్యులు చెప్పుచునేయున్నారు. తెలుగు రాష్ట్రములలో స్త్రీల సంఖ్య దేశపు సగటుకంటె చాల హెచ్చు. అదే సర్వేలో మన తెలంగాణమున నూటికి 60 కాన్పులకు పైగా కడుపు కోసి చేసినవే. దేశములో ఇదియే మొదటి స్థానము. గర్భసంచి తీయించుకొన్నవారి విషయమునను తెలుగునాడులే ముందు వరుస. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో చట్టము చేసిరి. ఆంధ్రప్రదేశములో 2024లో ఆ నియమమును తీసివేసిరి. ఇప్పుడు హెచ్చుమందిని కనుడని పిలుపులు వినవచ్చుచున్నవి. నిన్న తక్కువ, నేడు ఎక్కువ! కన్నతల్లిని ఏనాడడిగిరి?

స్వేచ్ఛ ఇచ్చినచో ఆడపిల్లలను గర్భమునందే చంపుదురని కొందరి భయము. భయము న్యాయమైనదే, అందులకే లింగనిర్ధారణను నిషేధించు చట్టము 1994లో వచ్చినది. కాని ఆ పాపము స్త్రీ స్వేచ్ఛ వలన పుట్టలేదు. మగబిడ్డను కనకున్న నీకు విలువ లేదని చెప్పిన ఇంటి నుండి పుట్టినది. నల్లగా నున్నచో విలువ లేదన్న నోరును, కొడుకును కనకున్న విలువ లేదన్న నోరును ఒక్కటే. అందుచేతనే అందమును, సంతానమును ఒకే ఉపన్యాసమున చెప్పితిని. రెండింటను స్త్రీకి బయట నొక తూకము పెట్టి, ఆమె విలువను ఇతరులు కట్టుచున్నారు.

మన ఓరుగల్లు నేలిన రుద్రమదేవి శాసనములలో రుద్రదేవ మహారాజుగా కనిపించును. సింహాసనమెక్కుటకు ఆమె పేరును మగపేరుగా వ్రాయవలసివచ్చినది. ఏడువందల ఏండ్లు దాటినవి. ఇకనైనను స్త్రీ పేరును స్త్రీగానే, ఆమె శరీరమును ఆమె పేరనే వ్రాయు దినము రావలెను.

కార్యవర్గమువారికి నా విన్నపము. ఆ గ్రంథములను తాళములో పెట్టవలదు. భారతమున్న అర ప్రక్కనే యుంచుడు. పెండ్లికెదిగిన పిల్లలు చదువుదురని జంకవలదు; పెండ్లికి ముందు చదువవలసినవే అవి. మొదట మనము, మగవారము, చదువుదము. ఆక్షేపణ యున్నవారు చదివిన పిమ్మట ఈ వేదికమీదనే ఆక్షేపింపవచ్చును; వారి మాటకును ఇచ్చట చోటున్నది. మరియు వారమున కొన్ని గంటలు స్త్రీలు నిశ్చింతగా కూర్చుండి చదువుకొను వీలు కల్పింపుడు. రజతోత్సవమునకు గోడలకు సున్నము వేయించితిమి, సంతోషము. స్వర్ణోత్సవము నాటికి పాఠకుల పట్టికలో సగము పేర్లు స్త్రీలవైనచో, ఆ లెక్క వ్రాయువాడెవడైనను ధన్యుడు.