కాఫీ కాయకు పడిన చిన్న రంధ్రం: యువత చూపు ఎటు ఉండాలి?



మన సంస్కృతి అనగానే థింసా, డప్పు, కొత్తల పండుగ గుర్తుకొస్తాయి. అవి మన గుండెకాయ. అయితే పండుగ చేసుకోవాలంటే ఇంట్లో గింజ ఉండాలి, చేతిలో నాలుగు డబ్బులు ఉండాలి. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద ఆ నాలుగు డబ్బులు చాలా ఇళ్లకు కాఫీ నుంచే వస్తున్నాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల పాదుల పక్కన మన అమ్మానాన్నలు పెంచిన పంటకు దక్కిన గౌరవం అది. ఆ పంట మీదికి ఇప్పుడు ఒక పురుగు వచ్చింది. అందుకే ఈరోజు పురుగు గురించి మాట్లాడుకుందాం.

దాని పేరు కాఫీ బెర్రీ బోరర్, అంటే కాయ తొలిచే పురుగు. పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశంలో మొదట 1990లో నీలగిరి ప్రాంతంలో కనిపించింది. అక్కడి నుంచి కర్ణాటక, కేరళ తోటలకు పాకింది. 2025లో మన అరకు తోటల్లోనూ బయటపడింది. ఆడపురుగు పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. నల్లగా, ఆవగింజలో సగం ఉన్నట్టు ఉంటుంది. కాయ చివర బొడ్డు లాంటి చోట సూదిమొన అంత రంధ్రం కనబడితే అది దీని పనేనని అనుమానించాలి.

శత్రువును గెలవాలంటే దాని బతుకు తెలియాలి. పూత వచ్చిన సుమారు నాలుగు నెలలకు కాయలో గింజ గట్టిపడుతుంది. అప్పుడు ఆడపురుగు లోపలికి తొలుచుకుని పోయి గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ గింజనే తిని పెరుగుతాయి. పది ఆడపురుగులు పుడితే మగది ఒక్కటే ఉంటుంది. ఆ మగది ఎగరలేదు, పుట్టిన కాయలోనే తన తోబుట్టువులతో కలిసి అక్కడే చచ్చిపోతుంది. ఆడవి బయటికి వచ్చేటప్పటికే గర్భంతో ఉంటాయి. దీని అర్థం ఏమిటి? కొత్త తోటలో కాపురం పెట్టడానికి ఈ పురుగుకు జంట అక్కర్లేదు. ఒక్క ఆడపురుగు చాలు. తోటలో మిగిలిపోయిన ఒక్క కాయ వచ్చే ఏడాది పది చెట్లకు చేటు.

మరో వింత వినండి. కాఫీలోని కెఫీన్ చాలా పురుగులకు విషం. మరి ఈ పురుగు దాన్నే తిని ఎలా బతుకుతోంది? 2015లో శాస్త్రవేత్తలు ఈ రహస్యాన్ని విప్పారు. పురుగు కడుపులో ఉండే బాక్టీరియా కెఫీన్‌ను విరగ్గొడుతోంది. మందు పెట్టి ఆ బాక్టీరియాను చంపితే పురుగు కెఫీన్‌ను అరిగించుకోలేకపోయింది. అంత చిన్న ప్రాణి కూడా తనకంటే చిన్న ప్రాణులను తోడు చేసుకునే బతుకుతోంది.

ఇక అసలు ప్రశ్న. పురుగు వచ్చిందంటే మందు డబ్బా పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. కొడితే పోతుందంటారు. ఆగి ఆలోచించండి. పురుగు కాయ లోపల ఉంటే పైన కొట్టిన మందు దానికి ఎలా తగులుతుంది? న్యూ కలడోనియా అనే దీవిలో ఎండోసల్ఫాన్ పదేపదే కొడితే 1980లలోనే ఈ పురుగు ఆ మందుకు లొంగడం మానేసింది. అదే ఎండోసల్ఫాన్ కేరళలోని కాసరగోడ్ జీడితోటల చుట్టూ ఉన్న ఊళ్లను ఎంత ఏడిపించిందో దేశమంతా చూసింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఆపించింది. పైగా మన కాఫీలో చాలా భాగం రసాయనాలు లేని పంటగా పేరు తెచ్చుకుంది. ఒక తోటలో కొట్టిన మందు ఆ ఒక్క తోటతో ఆగదు. పక్క తోటకు, కింది గెడ్డకు, తేనెటీగకు, చివరికి మన పేరుకు కూడా తగులుతుంది.

మరి దారి ఏమిటి? పరిశోధకులు చెప్పేది వింటే మన పెద్దల మాటలాగే ఉంటుంది. మొదటిది శుభ్రత. కోత అయ్యాక చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరాలి. కోసేటప్పుడు కింద గోనెపట్టా పరిస్తే రాలిన కాయ దొరుకుతుంది. పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచితే లోపలున్నవి చస్తాయి. గింజను తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా ఎండబెడితే పురుగు అందులో పెరగలేదు. ఒక ఊరి సంచులు ఇంకో ఊరికి తిప్పకూడదు. పురుగు సొంతంగా ఎగిరే దూరం కంటే సంచిలో లారీ ఎక్కి పోయే దూరం ఎక్కువ.

రెండోది ఎర బుట్టలు. ఇథనాల్, మిథనాల్ కలిపిన వాసనకు ఆడపురుగులు వచ్చి పడతాయి. బుట్టతోనే పురుగు మొత్తం పోదు గానీ తోటలోకి వచ్చిందా లేదా అన్నది ముందే తెలుస్తుంది. మిథనాల్ మనుషులకు ప్రాణాంతకం, పిల్లలకు అందనివ్వకండి.

మూడోది బవేరియా అనే బూజు. పురుగు ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది. పట్టుపురుగులకు రోగం తెచ్చేది ఈ బూజేనని ఇటలీకి చెందిన అగస్టీనో బస్సీ 1835లోనే చూపించాడు. వానాకాలపు తేమలో, పురుగు ఇంకా కాయలోకి దూరుతుండగానే కొడితే ఇది పనిచేస్తుంది. పట్టుపురుగులు పెంచే చోట మాత్రం వాడకూడదు.

నాలుగోది మన అడవి. కోస్టారికాలో కొన్ని కాఫీ చెట్లకు పక్షులు రాకుండా వలలు కట్టి చూశారు. పక్షులు తిరిగిన చెట్ల మీద ఈ పురుగు బెడద దాదాపు సగానికి తగ్గిందని 2013లో ప్రకటించారు. అడవి దగ్గరగా ఉన్న తోటల్లో ఆ పక్షులు ఎక్కువ. మెక్సికో తోటల్లో కొన్ని చీమలు కూడా ఈ పురుగును అదుపు చేస్తున్నాయని తేలింది. అంటే నీడ చెట్టును నరికితే పోయేది నీడ ఒక్కటే కాదు, జీతం అడగని కాపలాదారు కూడా పోతాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇందులో మీ పని ఏమిటో చెప్పి ముగిస్తాం. రాలిన కాయలు ఏరడానికి నడుం వంగాలి. ఇప్పుడు ఆ పని అరవై దాటిన అమ్మమ్మలు, తాతలు చేస్తున్నారు. సెలవులకు ఊరొచ్చినప్పుడు రెండు రోజులు తోటకు వెళ్లండి. మీ చేతిలో ఫోను ఉంది. ఆగస్టు నుంచి పదిహేను రోజులకోసారి కొన్ని చెట్లకు గుర్తు పెట్టుకుని, ఎన్ని కాయలు చూశారో, ఎన్నింటికి రంధ్రం ఉందో రాసిపెట్టండి, ఫొటో తీయండి. అనుమానం వస్తే దాచకండి. దాచిన తోట నుంచే పక్క తోటకు పాకుతుంది. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడగండి. మీలో డిగ్రీ జంతుశాస్త్రం, వ్యవసాయం చదివేవాళ్లున్నారు. మన తోటల్లో ఈ పురుగును ఏ పిట్ట తింటోంది, ఏ చీమ పడుతోంది అన్నది మీరే చూసి రాయండి. పిట్టల పేర్లు మన భాషల్లో మన పెద్దలకు తెలుసు. వాళ్ల నోటి మాట, మీ కలం కలిస్తే అదే మన పరిశోధన.

పురుగు ఒక్కటిగా వచ్చి కాపురం పెడుతుంది. మనం మాత్రం ఒక్కరుగా దాన్ని ఆపలేం. ఊరంతా ఒకే వారంలో కాయ ఏరితేనే అది ఆగుతుంది. కలిసి నాట్లేసిన, కలిసి అడుగేసి ఆడిన జాతి మనది. ఈ పని మనకు కొత్త కాదు.