వైద్యవిద్యార్థి – శాఖా నిర్ణయము

వైద్యకళాశాలలో సీటు లభించిననాడు ఇంటిల్లిపాదియు పండుగ చేసికొందురు. ఐదున్నర సంవత్సరములు గడచి హౌస్ సర్జన్సీ ముగియుచుండగా ఆ యింటనే మఱియొక ప్రశ్న తలయెత్తును: "ఇక ఏ శాఖ తీసికొందువు?" మొదటినాడు ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధముగానే యుండినది. పిల్లల వైద్యమనియో, గుండె వైద్యమనియో, శస్త్రచికిత్స యనియో చెప్పగా బంధువులు మెచ్చుకొనిరి. కడపటి సంవత్సరమున అదే ప్రశ్నకు విద్యార్థి మౌనము వహించును. నడుమ జరిగినదేమి? పెక్కుసారులు జరుగునది ఇది: తాను కోరుకొన్న శాఖలోనే కొన్ని వారములు పనిచేసి, మనస్సు విరిగి వచ్చినాడు. అట్టి ఆశాభంగమునకు ఎంత విలువ నీయవలెను, దానినిబట్టి జీవితమార్గమును మార్చుకొనవచ్చునా యను విషయమును ఈనాడు విచారింతము.

ఈ విచారణ ఒకప్పుడు ఖమ్మము ప్రాంతపు కుటుంబములకు అంతగా అవసరపడలేదు. వైద్యవిద్యకై విశాఖపట్టణమునకో, గుంటూరునకో, హైదరాబాదునకో, 1959లో కాకతీయ వైద్యకళాశాల ఏర్పడిన పిమ్మట వరంగల్లునకో పోవలసియుండెను, పోగలిగినవారు కొలదిమంది. 1998లో ఖమ్మమున మమతా వైద్యకళాశాల వెలసినది. 2022లో కొత్తగూడెమునను, 2023లో ఖమ్మమునను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. గోదావరి అడవుల అంచుననే ఇప్పుడు వైద్యవిద్యార్థులు వార్డులలో తిరుగుచున్నారు. వారి నిర్ణయములతో ఈ ప్రాంతమునకు ప్రత్యక్ష సంబంధమున్నది.

హౌస్ సర్జన్సీ కాలము ఒక సంవత్సరము. 2021 నియమముల ప్రకారము ఈ 52 వారములును శాఖలకు పంచబడినవి. సామాజిక వైద్యమునకు 12 వారములు, స్త్రీవ్యాధుల ప్రసూతి శాఖకు 7, సాధారణ వైద్యమునకు 6, శస్త్రచికిత్సకు 6, శిశువైద్యమునకు 3, మత్తుమందు శాఖకు 2, మనోవైద్యమునకు 2. తక్కిన శాఖలకు ఒకటి రెండు వారముల చొప్పున కేటాయించి, విద్యార్థి స్వయముగా ఎంచుకొనుటకును కొన్ని వారములు విడిచిరి. అంతకు ముందును విద్యార్థి రెండవ సంవత్సరమునుండియే వార్డులకు పోవుచుండును గాని అప్పుడు చూచుట యెక్కువ, చేయుట తక్కువ. కాబట్టి శిశువైద్యునిగా ముప్పది యేండ్లు జీవింపదలచినవాడు మూడు వారములలో ఆ శాఖను తూచి చూచుకొనుచున్నాడు. ఆ వారములలో ఏ ఋతువు నడచినది, పైనున్న వైద్యుడు ఎట్టివాడు, తోడి హౌస్ సర్జన్లలో ఎందఱు సెలవులో నుండిరి – ఇవన్నియు ఆ తూకములోనే పడును.

చిన్ననాటినుండి శిశువైద్యమునే కోరుకొన్న యొక విద్యార్థిని మాతో మాటలాడినది. ఆమె పోస్టింగు ఎట్లు గడచినదని యడిగితిమి. తెల్లవారుజామున రక్తపు నమూనాలు తీయుట, వానిని ప్రయోగశాలకు మోయుట, కేసుషీట్లు నింపుట, మధ్యాహ్నము రిపోర్టులకై పరుగెత్తుట. బోధించువారికి తీరిక లేదు. ఒకనాడు ఒక రిపోర్టు ఆలస్యమైనందుకు రోగుల తల్లులందఱియెదుట తిట్లు తినవలసివచ్చినది. "ఈ శాఖ నాకు వద్దండీ" యని ఆమె నిశ్చయముగా చెప్పినది. "అమ్మా, బిడ్డలను చూచుట మీకు విసుగు పుట్టించినదా?" యని మేమడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "బిడ్డలను చూచుటకు నాకు తీరికయే దొరకలేదు" అన్నది.

ఆ సమాధానములోనే విషయమంతయు నిమిడియున్నది. ఆమె తిరస్కరించినది శిశువైద్యమును కాదు. దానిని ఆమె యింకను చూడనేలేదు. శాఖ చుట్టును ఉన్నవి కొన్ని గలవు: కఠినుడైన పై యధికారి, నిద్రలేని రాత్రులు, గుమాస్తా పని, రోగుల రద్దీ. ఇవి ఆసుపత్రినిబట్టి, సంవత్సరమునుబట్టి మారును. శాఖలోనే ఉన్నవి మఱికొన్ని గలవు: రోగి నోరు విప్పి బాధ చెప్పలేకపోవుట, క్షణములలో నిర్ణయింపవలసియుండుట, ఏండ్ల తరబడి ఒకే రోగిని కనిపెట్టియుండుట, గంటల కొలది నిలువుకాళ్లపై పనిచేయుట. ఇవి ఎచటికి పోయినను మారవు. ఆశాభంగము ఈ రెండింటిలో దేనినుండి కలిగినదో తెలిసికొనక నిర్ణయము చేయరాదు. దీనికి మఱియొక ప్రక్కయు గలదు. మంచి గురువు దొరకినందున ఒక శాఖపై మోజు పడుటయు ఇట్టిదే. గురువుగారు ఆ ఊరనే యుండిపోవుదురు. శాఖ మాత్రము జన్మాంతము వెంట వచ్చును.

యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము ఇచట స్మరింపదగినది. ఆయన 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. అవి స్వదేశీ యుద్యమపు రోజులు. శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి పోయినందున ఆ శాఖాచార్యునికి ఆయనపై అయిష్టము కలిగినది. వ్రాతపరీక్షలలో బాగుగా నెగ్గినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యోద్యోగమును దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. ఆయన సోదరులు స్ప్రూ యను జీర్ణవ్యాధికి బలియైరి; ఆయనయు దాని వాతబడి బయటపడిరి. 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను చదివి, జీవరసాయన శాస్త్రమునకు మరలిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయిరి. అచట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. స్ప్రూ రోగులకు అది ఔషధమైనది. 1947లో వెలువడిన డి.ఇ.సి. మందు, బోదకాలు నిర్మూలనకై మన గ్రామములలో ఇంటింట పంచిన మాత్రయే.

ఒక ఆచార్యుని అయిష్టముచే శస్త్రచికిత్స చెడ్డ విద్య కాలేదు. సుబ్బారావుగారు చెడ్డ వైద్యుడును కాలేదు. ఆయన మార్గమును నిర్ణయించినది తరగతిలో కలిగిన పరాభవము గాక, ఇంటిలో చావులను చూచి తెచ్చుకొన్న ప్రశ్న యని మా భావము. విద్యార్థియు తన్ను తాను ఇట్లే పరీక్షించుకొనవచ్చును. డ్యూటీ ముగించి హాస్టలుకు పోయిన పిమ్మట ఏ రోగిని గుఱించి ఆలోచన తెగక సాగినది? ఎవరును చెప్పకయే ఏ విషయమును పుస్తకము తెఱచి వెదకితిని? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానము, ఆ నెలలోని కోపతాపములకంటె ఎక్కువ నమ్మదగినది.

సికిందరాబాదు పేరును వైద్యచరిత్రకెక్కించిన రొనాల్డు రాస్ కథ మఱియొక తీరుది. ఆయనకు కవిత్వముపై, సంగీతముపై మక్కువ. తండ్రి కోరికపై 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరెను. చదువు అంతంతమాత్రము, ఒక పరీక్షలో తప్పెను. 1881లో భారత వైద్యసేవలో ప్రవేశించి ఏడేండ్లు పనిచేసిన తరువాత, 1888లో సెలవుపై పోయి ప్రజారోగ్యమును, సూక్ష్మజీవిశాస్త్రమును అభ్యసించెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానము నందెను. వార్డులో దొరకని ఆసక్తి ముప్పది దాటిన పిమ్మట సూక్ష్మదర్శినియొద్ద దొరకినది. హౌస్ సర్జన్సీ ముగిసిననాటితో తలుపులన్నియు మూసికొనిపోవని దీనివలన తెలియుచున్నది.

మలేరియా మాట వచ్చినది గనుక మన అడవి సరిహద్దువైపు చూతము. కొత్తగూడెము, పాల్వంచ, సారపాకలు గడచి గోదావరి వంతెన దాటినచో భద్రాచలము. అచటినుండి దుమ్ముగూడెము, చర్ల వైపు పోయినకొలది అడవి దట్టమగును, ఆవల ఛత్తీస్‌గఢ్. దిగువనున్న కూనవరము, చింతూరు మండలములు 2014లో ఆంధ్రప్రదేశమున చేరినవి. ఈ యెల్లలు పటముమీద నున్నవే గాని రోగికి లేవు. మూడు రాష్ట్రముల కోయపల్లెలనుండియు జ్వరపడిన బిడ్డలను, నొప్పులు పడుచున్న తల్లులను భద్రాచలపు ఆసుపత్రికి తెచ్చుచుందురు. 2022 జులైలో గోదావరి అచట 71.3 అడుగులకు పొంగినది. మూడవ ప్రమాద సూచిక 53 అడుగులే. అట్టి దినములలో "పెద్దాసుపత్రికి తీసికొనిపొండు" అనుట మాటవరుసకే మిగులును.

ఇట్టిచోట శాఖల రూపమే మారిపోవును. మత్తుమందు శాఖను తీసికొందము. పెద్ద ఆసుపత్రిలో రెండు వారముల పోస్టింగున హౌస్ సర్జను తెరవెనుక నిలుచుండి, యంత్రముమీది అంకెలను చూచుచుండును. శస్త్రచికిత్స చేసినవానికి పేరు. మత్తుమందిచ్చినవాడు రోగికి గుర్తుకూడ ఉండడు. "ఇందులో ఏమున్నది?" అని విద్యార్థి పెదవి విఱుచును. మారుమూల ఆసుపత్రిలోనో, ప్రసూతి వైద్యురాలు సిద్ధముగా నున్నను మత్తుమందు వైద్యుడు లేనిదే బిడ్డను కోసి తీయుటకు వీలులేదు. ఈ కొఱతను తీర్చుటకై ప్రభుత్వము ఎం.బి.బి.ఎస్. వైద్యులకే 18 వారముల ప్రత్యేక శిక్షణమునిచ్చు పథకమును నడపవలసివచ్చినది. తెరవెనుక నిలుచున్నవాడు అచట ఇద్దఱి ప్రాణములకు కావలియగుచున్నాడు.

రోగనిదానశాస్త్రమును అట్టిదే. గాజుపలకలను చూచుచు కూర్చుండుట నిద్రవచ్చు పనియని విద్యార్థుల వాడుక. అడవిపల్లె బిడ్డకు వచ్చిన జ్వరము ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియాయా, కాదా యని చెప్పునది ఆ గాజుపలకయే. గిరిజనులలో కనిపించు సికిల్‌సెల్ అను వంశపారంపర్య రక్తవ్యాధిని గుర్తించునదియు రక్తపరీక్షయే. దాని నిర్మూలనకై 2023 జులై 1న జాతీయోద్యమము ప్రారంభమైనది. సామాజిక వైద్యమునకు కేటాయించిన 12 వారములను పీజీ పరీక్షకు చదువుకొను సెలవుగా భావించువారు పలువురు. గురువులకును, సహాయకులకును వెనుక నిలువక, రోగిని మొదటగా తానే చూచు భాగ్యము హౌస్ సర్జనుకు ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే కలుగును. ఒక శాఖను పెద్ద ఆసుపత్రిలో చూచి విసిగినవాడు, దానినే మఱియొకచోట ఒకమారు చూచిన పిమ్మట నిర్ణయించుట మేలు. స్వయముగా ఎంచుకొను వారములు ఇందుకు తగియున్నవి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలెనను నియమము ఇప్పుడున్నది గనుక, వారి యనుభవమును అడిగి తెలిసికొనుటయు సులభమే.

ఇంతమాత్రమున ప్రతి ఆశాభంగమును దిగమ్రింగవలెనని మేము చెప్పుట లేదు. చక్కని గురువు బోధించి, చాలినంత తీరిక దొరకి, శాఖయొక్క నిత్యకృత్యమును కన్నులార చూచిన పిదపను మనస్సు పోకున్నచో, అది నిజమైన తీర్పు. రక్తమును చూచి చేతులు వణకువానిని శస్త్రచికిత్సకు నెట్టరాదు. దుఃఖితుల మాట వినుటకు ఓపిక లేనివానిని మనోవైద్యమునకు పంపరాదు. ప్రజల కవసరమను పేరుతో ఇష్టములేని శాఖను నెత్తికెత్తుకొన్నవాడు తానును సుఖపడడు, రోగికిని సుఖము నీయడు.

తల్లిదండ్రులకు ఒక మాట. సీటు నీట్ పీజీ ర్యాంకునుబట్టి వచ్చును. కోరిన శాఖ అందఱికి దొరకదు. రేడియాలజీ, చర్మవైద్యము వంటి సీట్లు ముందుగా నిండిపోవుచున్నవి. ర్యాంకు వచ్చినది గదా యని ఇరుగుపొరుగువారు మెచ్చు శాఖను బిడ్డపై రుద్దినచో, మూడేండ్ల పీజీ చదువు మాత్రమే గాదు, ఆ తరువాతి ముప్పదియేండ్ల తెల్లవారుజాములును ఆ శాఖతోనే గడపవలసినది ఆ బిడ్డయే. ర్యాంకు మన చేతిలో లేకపోవచ్చును. దొరకినవానిలో ఏది తనకు తగునో తెలిసికొనుట మాత్రము విద్యార్థి చేతిలోనున్నది.

కావున, పోస్టింగు ముగించుకొని ముఖము వ్రేలవేసికొని యింటికి వచ్చిన కుమారునో, కుమార్తెనో చూచినప్పుడు వెంటనే ఓదార్చవలదు, వెంటనే మందలింపను వలదు. భోజనమైన పిమ్మట దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఆ వార్డులో ఏమి చూచితివి, ఏమి చేసితివి, ఏది చేయుటకు అవకాశమే దొరకలేదని నెమ్మదిగా అడుగుడు. చెప్పుచుండగనే, విసుగు పుట్టించినది రోగులా, రిపోర్టులా యనుట వారికే తేటపడును. శాఖ పేరు ఆ తరువాత నిర్ణయించుకొనవచ్చును.