విక్టోరియా పబ్లిక్ హాలులో వినిపించిన తెలుగు



చెన్నపట్టణంలో సెంట్రల్ స్టేషనుకూ, తెల్లని రిపన్ భవనానికీ నడుమ ఎర్ర ఇటుకల కట్టడమొకటి ఉన్నది. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. 1887 నాటి స్వర్ణోత్సవ స్మృతిగా దానికి రాణి పేరు పెట్టారు. కాని 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. 1888-90 నడుమ దానిని కట్టి నిలిపినవారు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఆ ఇంటిపేరు ఏ భాషదో మీకు చెప్పనక్కరలేదు. మద్రాసు హైకోర్టు భవన నిర్మాణమూ ఆయన చేతిమీదుగా జరిగినదే.

రూపశిల్పి రాబర్ట్ చిషోమ్ ఇండో-సారసెనిక్ శైలిని ఎన్నుకున్నారు. ఐరోపా కమానుల వరుసలు, అరబ్బీ రాతను తలపించే మట్టిపలకల అంచులు, చతురస్రపు బురుజు, దానిపై కేరళ కోవెలల కప్పును గుర్తుచేసే శిఖరం - ఇవన్నీ అక్కడ ఒద్దికగా ఒదిగాయి. పై అంతస్తులోనూ క్రింది అంతస్తులోనూ విశాలమైన సభామందిరాలున్నాయి. పై మందిరంలో కొయ్య గ్యాలరీ ఉన్నది.

ఈ భవనం పాలకుల కచేరీ కాదు. పౌరులు కూడి మాట్లాడుకొనే చోటు. 1897లో వివేకానందస్వామి ప్రసంగించినది ఇక్కడే. 1891లో బళ్ళారి నుండి ధర్మవరం రామకృష్ణమాచార్యులు తమ సరసవినోదినీ సభను వెంటబెట్టుకొని వచ్చి తెలుగు నాటకాలాడినదీ ఇక్కడే. వకీలు వృత్తిలో ఉన్న పెద్దమనుషులు వేషం కట్టడం చూసి పమ్మల్ సంబంధ ముదలియార్ అనే తమిళ యువకుడు ముగ్ధుడయ్యాడు. అదే ఏడు జూలై 1న సుగుణ విలాస సభ పుట్టింది. ఆధునిక తమిళ రంగస్థలానికి అది పట్టుగొమ్మ అయినది. తరువాతి కాలంలో ఆ సభ తెలుగు నాటకాలనూ ఆడింది. మన బళ్ళారి రాఘవ దానితో కలిసి నటించారు.

గమనించండి: బళ్ళారి నేడు కర్ణాటకలో ఉన్నది, ఈ భవనం తమిళనాడులో ఉన్నది. రాష్ట్రాల సరిహద్దులు తరువాత వచ్చాయి. ఒక భాషవారి ఆట మరొక భాషవారికి ప్రేరణ కావడం అంతకు ముందే జరిగింది. కనుక మనమిక్కడ నిన్న వచ్చిన అతిథులం కాము. ఈ నగర సంస్కృతిని తమిళ సోదరులతో కలిసి పెంచినవారం.

2023లో నగర పాలక సంస్థ ఈ భవన పునరుద్ధరణ పనులు మొదలుపెట్టింది. ఇటుకలను రక్షించడం ప్రభుత్వ బాధ్యత. ఆ ఇటుకల వెనుకనున్న కథను రక్షించడం మన బాధ్యత. భవనం మాదేనని వాదించడం మన ఉద్దేశం కాదు. ఆ కథను అక్కడ తమిళంతోపాటు తెలుగులోనూ చదువుకొనే వీలుండాలని వినయంగా, కాని పట్టు విడువక కోరుదాం. అంతకన్నా ముందు మన పిల్లల చేయి పట్టుకొని ఆ మెట్లు ఎక్కిద్దాం. అక్కడ నిలబడి ఆ కథను వారికి తెలుగులోనే చెబుదాం.