సంతకమునకు ముందు జరుగవలసిన పని
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రెండు దేశముల నాయకులు బల్లయొద్ద కూర్చుండి సంతకములు చేయు చిత్రములను మనమందఱము చూచియున్నాము. ఆ సంతకమునకు ముందు జరిగిన పనిని బట్టియే ఒడంబడికయొక్క మంచిచెడ్డలు తేలునని మా నమ్మకము. ఇందులకు శ్రీలంక తోటకూలీల చరిత్రము నుదాహరింతుము.

తెల్లదొరల కాఫీ, తేయాకు తోటలలో పనిచేయుటకై దక్షిణ భారతమునుండి, విశేషించి తమిళదేశమునుండి, లక్షలాది జనులు నాటి సిలోను ద్వీపమును చేరిరి. 1948లో ఆ దేశము స్వతంత్రమయ్యెను. ఆ యేటి పౌరసత్వచట్టము వలన వారిలో అత్యధికులు ఏ దేశమునకును చెందనివారైరి.

1954లో నెహ్రూ, కొటెలావల గార్లు జనవరియందును అక్టోబరునందును ఒడంబడికలు చేసికొనిరి. అయినను చిక్కు వీడలేదు. తాము పౌరులుగా గ్రహింపనివారెల్లరు భారతీయులేయని సిలోను ప్రభుత్వము వాదించెను. కోరివచ్చి, మన చట్టము ననుసరించి అర్హులైనవారే భారతీయులని మన ప్రభుత్వము చెప్పెను. మాటలకు అర్థము కుదరకమునుపే సంతకములు కుదిరినందున కలిగిన ఫలమిది.

పదేండ్లకు, 1964 అక్టోబరు 30వ తేదీన, శాస్త్రిగారును శ్రీమతి సిరిమావో బండారనాయకెగారును మఱియొక ఒప్పందమునకు వచ్చిరి. మొత్తము 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సిలోనును 15 ఏండ్లలో స్వీకరింపవలెననిరి. మిగిలిన 1,50,000 మంది సంగతి వాయిదాపడెను. 1974లో వారిని చెరిసగముగా పంచుకొనిరి.

లెక్క సరిపోయినది. కాని ఆ జనులను అడిగినవారెవరు? తోటకూలీల నాయకుడు తొండమాన్ గారు ఈ పద్ధతిని నిరసించిరి. దరఖాస్తులు పిలిచినపుడు భారత పౌరసత్వమును కోరినవారు నిర్ణయించిన సంఖ్యకు తక్కువైరి. పుట్టిన గడ్డను విడచుటకు అనేకులకు మనసొప్పలేదు. తలైమన్నారు, రామేశ్వరముల నడుమ నడచిన ఓడ 1984లో ఆగిపోగా, భారత పౌరసత్వము పొందినవారిలోను వేలమంది అచ్చటనే నిలిచిపోయిరి. 1988లోను 2003లోను శ్రీలంక చేసిన చట్టముల వలనగాని మిగిలినవారికి పౌరసత్వము లభింపలేదు.

వారి కష్టమునకు మన ఇక్కట్లను సరిపోల్చుట తగదు. అయినను అందలి పాఠము మనకు పనికివచ్చును. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని విద్యార్థులున్నచో మాతృభాషలో బోధింపవలెనని 1949లోనే విద్యామంత్రులు అంగీకరించిరి. అధికారులు ఈ విషయము చర్చించునాటికి మన పిల్లల లెక్క మనచేత నుండవలదా? లేనిచో ఇతరులు వేసిన అంకెకే మనము తల యొగ్గవలసివచ్చును.

కావున ప్రతి శాఖయు తన యూరిలో ఇల్లిల్లు తిరిగి పిల్లల పేర్లను వ్రాసికొనవలెను. తల్లిదండ్రుల కోరికను వారి నోటనే వినవలెను. అర్జీలోని ప్రతి మాటకును అర్థమును ముందే తేల్చుకొనవలెను. ఈ మూడును సిద్ధమైన పిమ్మటనే అధికారుల గుమ్మము తొక్కుదమని మా మనవి.